రోడ్డు బిల్లు కాంట్రాక్టరుకు, బురద బిల్లు గెడ్డకు



ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. ఈ వానాకాలం మీ ఊరి గెడ్డ ఏ రంగులో పారింది? వాన పడుతున్నప్పటి సంగతి అడగడం లేదు. వాన వెలిసిన రెండో రోజు, మూడో రోజు ఏ రంగులో ఉంది?

కొండ మీద అడవి నిలబడి ఉన్న చోట గెడ్డ పెద్ద వానకు మసకబారుతుంది, వాన వెలిశాక మళ్ళీ తేటపడుతుంది. మన పెద్దవాళ్ళు పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. కానీ పైన కొత్త రోడ్డుకో, వంతెనకో, కరెంటు ప్రాజెక్టుకో కొండను కోసి వదిలేసిన చోట నాలుగు రోజులైనా గెడ్డ ఎర్రగానే పారుతుంది. బిందెలో పట్టి ఉంచితే తెల్లారేసరికి అడుగున మడ్డి పేరుకుంటుంది, పైన నీళ్ళు మాత్రం టీ రంగులోనే ఉంటాయి.

ఎవర్ని అడిగినా ఒకటే జవాబు. "వానాకాలం కదా, బురద రాదా?" సైట్ దగ్గర సూపర్‌వైజర్ అదే అంటాడు. జేఈ అదే అంటాడు. చివరికి మండల మీటింగులో మనం ఓటేసి పంపిన వాళ్ళూ అదే అంటారు.

ఈ వ్యాసం ఆ జవాబు మీదే. వాన ఎప్పుడూ పడేదే. బురదను పుట్టించింది మాత్రం కొండను విప్పి, కప్పకుండా వదిలేసిన పని. దాన్ని ఆపే పద్ధతులున్నాయి. అవి కాంట్రాక్టు కాగితాల్లో రాసి ఉన్నాయి. చేయకపోతే నిలదీయడానికి చట్టాలూ ఉన్నాయి. అడగాల్సింది మనమే.

"రోడ్డు కావాలన్నది మీరే కదా"

ముందు ఈ మాటకు జవాబు చెప్పాలి. ఎందుకంటే బురద గురించి నోరు తెరిచిన ప్రతిసారీ మన నోటికి వేసే తాళం ఇదే.

అవును, రోడ్డు కావాలన్నది మనమే. నొప్పులొస్తున్న ఆడబిడ్డను డోలీలో పెట్టి కొండ దించుతున్న ఊళ్ళు ఇంకా ఉన్నాయి. 108 వాహనం రాలేని చోట రోడ్డు విలువ ఏంటో మనకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. రోడ్డు అడగడం మన హక్కు. రోడ్డు అడిగినందుకు తాగే నీళ్ళు వదులుకోవాలని ఏ జీవోలోనూ లేదు.

పట్నంలో అపార్టుమెంటు కట్టేవాడు పక్కింటి సంపులోకి మట్టి వదిలితే ఆ ఇంటాయన ఊరుకుంటాడా? "ఇల్లు కట్టాక బురద రాదా" అంటే వింటాడా? వినడు. మున్సిపాలిటీకి ఫోన్ చేస్తాడు, స్టేషన్‌కు పోతాడు. మన దగ్గరికొచ్చేసరికి గెడ్డకు గోడ లేదు, మీటరు లేదు, పట్టా లేదు. అందుకే అది ఎవరిదీ కాదనుకుంటున్నారు. కానీ పది ఊళ్ళ సంపు అదే. ఆ సంగతి మర్చిపోతే మనం కూడా మర్చిపోయినట్టే.

కొండను కోస్తే ఏం జరుగుతుంది

పాడేరు, అరకు వైపు కొండల్లో ఎక్కువగా ఉండే రాయికి భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఖోండలైట్. మన ఖోండుల పేరే ఆ రాయికి పెట్టారు. ఈ రాయి లోతుగా కుళ్ళి ఎర్రమట్టి అవుతుంది. పైన చెట్టు, గడ్డి, రాలిన ఆకు ఉన్నంత కాలం ఆ ఎర్రమట్టి గట్టిగానే ఉంటుంది. వాన చినుకు ఆకు మీద పడి జారి, నెమ్మదిగా నేలలోకి ఇంకుతుంది. వేర్లు మట్టిని పట్టుకుంటాయి. ఇంకిన నీళ్ళే తర్వాత ఊటై మనకు ఎండాకాలం దిక్కవుతాయి.

ఇప్పుడు పొక్లెయిన్ వచ్చింది. చెట్టు తీసింది, పైమట్టి తీసింది, వాలును నిలువుగా కోసింది. చినుకు నేరుగా పచ్చి మట్టి మీద పడుతుంది. ప్రతి చినుకూ ఒక చిన్న గడ్డపార పోటు లాంటిదే. లేచిన మట్టిని పారే నీళ్ళు ఎత్తుకుపోతాయి. వాలు ఎంత నిటారుగా ఉంటే, ఎంత పొడుగ్గా ఉంటే, నీటికి అంత ఊపు, అంత కోత.

లెక్క వేసుకుందాం. 12 మీటర్ల వెడల్పున ఒక కిలోమీటరు కొండ విప్పారనుకోండి. అది 12,000 చదరపు మీటర్లు. దాని మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 6 లక్షల లీటర్లు. 10 వేల లీటర్లు పట్టే ట్యాంకర్లు 60. ఏజెన్సీలో వానాకాలంలో 50 మిల్లీమీటర్లు పెద్ద విశేషమేం కాదు. అందులో కొంత నేలలోకి ఇంకినా, యంత్రాలు తొక్కి గట్టిపడ్డ నేల మీద ఎక్కువ భాగం పారేదే. పైకొండ నుంచి దిగొచ్చే నీళ్ళను ఇందులో లెక్కే వేయలేదు.

తవ్విన మట్టి సంగతి చూడండి. మీటరు పొడవుకు 10 ఘనపు మీటర్ల మట్టి వచ్చిందనుకుంటే కిలోమీటరుకు 10,000 ఘనపు మీటర్లు. తవ్విన మట్టి వదులై సుమారు పావు వంతు పొంగుతుంది. 10 ఘనపు మీటర్లు పట్టే టిప్పర్లయితే 1,250 ట్రిప్పులు. ఒక్క కిలోమీటరుకు! ఈ మట్టిని దూరంగా తీసుకెళ్ళి, అడుగున గోడ కట్టి, పొరలు పొరలుగా సర్దితే డీజిల్ ఖర్చు. లోయలోకి నెట్టేస్తే ఖర్చు సున్నా. పొక్లెయిన్ చేయి ఒక్కసారి తిప్పితే చాలు. మట్టి గెడ్డ ఒడ్డున కుప్పపడి మొదటి పెద్ద వాన కోసం కాచుకుని కూర్చుంటుంది.

పైగా రోడ్డు నీటి దారినే మార్చేస్తుంది. ఇంతకుముందు కొండ మీద పది సన్న పాయలుగా దిగిన నీళ్ళు ఇప్పుడు రోడ్డు పక్క కాలువలో కలిసి ఒకే కల్వర్టు నోట్లోంచి దూకుతాయి. కల్వర్టు కింద రాతి పరుపు వేయకపోతే అక్కడ కొత్త గండి పడుతుంది. ఆ గండి కింద ఎవరి చోడి చేను ఉందో డీపీఆర్‌లో ఉండదు.

గోనె సంచులతో ఆగే మట్టి, ఆగని మట్టి

అడిగితే కొందరు కాంట్రాక్టర్లు నాలుగు ఇసుక బస్తాలు అడ్డం పెట్టి, ఆకుపచ్చ వల ఒకటి కట్టి ఫోటో తీసుకుపోతారు. ఇది ఎందుకు సరిపోదో మనం తెలుసుకుంటే వాళ్ళు మనల్ని మభ్యపెట్టలేరు.

నిలకడగా ఉన్న మీటరు లోతు నీళ్ళలో మిల్లీమీటరులో పదో వంతు ఉన్న సన్న ఇసుక రేణువు దాదాపు రెండు నిమిషాల్లో అడుగుకు చేరుతుంది. మిల్లీమీటరులో నూరో వంతు ఉన్న ఒండ్రు రేణువుకు మూడు నాలుగు గంటలు పడుతుంది. వెయ్యో వంతు ఉన్న బంకమట్టి రేణువుకు? సుమారు రెండు వారాలు. అదీ నీళ్ళు కదలకుండా ఉంటేనే. పారే గెడ్డలో అది ఎప్పటికీ అడుగుకు చేరదు. మీ బిందెలో పైన నిలిచే టీ రంగు అదే. మన పెద్దవాళ్ళు చిల్లగింజ అరగదీసి నీళ్ళు తేర్చుకున్నది కూడా ఈ తేరని మట్టి కోసమే.

దీని అర్థం ఏంటంటే, బస్తాలూ బురద గుంటలూ ఇసుకను ఆపుతాయి, ఒండ్రును కొంత ఆపుతాయి. బంకమట్టి ఒకసారి నీళ్ళలో కలిసిందంటే సైట్ మీద దాన్ని వెనక్కి తీయడం దాదాపు అసాధ్యం. అందుకే అసలు వైద్యం పైనే, కోత దగ్గరే జరగాలి. మట్టి లేవకుండా చూడాలి. లేచిన మట్టిని పట్టుకోవడం రెండో పని.

ఇందులో పెద్ద రహస్యాలేం లేవు. ఒకేసారి ఐదు కిలోమీటర్లు విప్పి పడేయకుండా, కప్పగలిగినంతే విప్పాలి. కోత పని డిసెంబరు నుంచి మే లోపు ముగించాలి, జూన్ వానలకు ముందే వాలును కప్పాలి. కోత పైఅంచు మీద కాలువ తవ్వి కొండ నీళ్ళను పచ్చి మట్టి మీదకు రాకుండా పక్కకు తిప్పాలి. కోసిన వాలు మీద గడ్డి, వట్టివేరు నాటాలి, అవి పట్టేదాకా జనపనార వలో కొబ్బరి పీచు వలో పరచాలి. పక్క కాలువల్లో అక్కడక్కడా రాళ్ళ అడ్డుకట్టలు వేసి నీటి ఊపు తగ్గించాలి. మట్టి పోసే చోట ముందు అడుగు గోడ కట్టాలి, ఆ తర్వాతే మొదటి టిప్పర్ రావాలి. తీసిన పైమట్టిని పారేయకుండా పక్కన పెట్టి, చివర్లో మళ్ళీ పరచాలి. కాంక్రీటు కలిపే మిల్లర్‌ను గెడ్డలో కడగకూడదు, సిమెంటు నీళ్ళు చేపల్ని చంపేస్తాయి.

అమెరికాలో ఒక ఎకరం అంతకు మించి నేల విప్పే ఏ నిర్మాణానికైనా వాన నీటి పర్మిట్ ఉండాలి. ఏ వాలు నుంచి నీళ్ళు ఎటు పోతాయో, మట్టి ఎక్కడ ఆపుతారో ప్లాన్ రాసి సైట్‌లో పెట్టుకోవాలి, క్రమం తప్పకుండా తనిఖీ చేసి సంతకం పెట్టాలి. అక్కడ నిర్మాణ రంగంలో పనిచేస్తున్న మన తెలుగు ఇంజనీర్లకు ఇది రోజువారీ పని. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు సాధ్యం కాదో వాళ్ళలో ఒక్కరైనా సొంత జిల్లాకొచ్చినప్పుడు అడిగితే బావుండు.

బురద బిల్లు ఎవరు కడుతున్నారు

మొదట కట్టేది మన నీళ్ళ పైపు. ఏజెన్సీలో చాలా ఊళ్ళు తాగేది గ్రావిటీ నీళ్ళు. కొండ మీద ఊట దగ్గర చిన్న ట్యాంకు, ఇసుక ఫిల్టర్, అక్కడి నుంచి పైపు. పైన మట్టి పడితే ఫిల్టర్ మూసుకుపోతుంది. బాగుచేయడానికి ఎవరూ రారు. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని ఇంకో ఊటకు నడుస్తారు. ఆ నడక కూలీ ఏ ఎస్టిమేట్‌లోనూ లేదు.

భారత ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నీటి మసక 1 యూనిట్ దాటకూడదు. వేరే నీళ్ళు దొరకనప్పుడు మాత్రం 5 దాకా ఒప్పుకుంటారు. 5 అంటే కంటికి దాదాపు తేటగానే కనిపించే నీళ్ళు. మన ఎర్ర గెడ్డ సంగతి చెప్పక్కర్లేదు. మసక నీళ్ళలో ఇంకో ప్రమాదం ఉంది. బ్లీచింగ్ వేసినా మట్టి రేణువుల చాటున క్రిములు బతికిపోతాయి. విరేచనాలు మొదలయ్యాక వైద్య శిబిరం పెట్టి, "కాచి చల్లార్చి తాగండి" అని కరపత్రం పంచుతారు. కాచితే క్రిములు చస్తాయి కానీ మట్టి పోతుందా?

రెండోది కట్టేది మన పొలం. గెడ్డ పక్కన తరాలుగా రాళ్ళు పేర్చి కట్టుకున్న మెట్ల మడుల్లో కొండ లోపలి మట్టి వచ్చి పడుతుంది. నది మోసుకొచ్చే సారవంతమైన ఒండ్రు అనుకునేరు! ఇది వేరు తగలని, ఆకు కుళ్ళని మట్టి. దీంట్లో వరి పిలకలు వేయదు. మడి మళ్ళీ మడి కావడానికి చేత్తో మట్టి ఎత్తిపోసుకోవాలి. దీనికి పంట నష్టం కూడా రాయరు, ఎందుకంటే వీఆర్వో గారి పుస్తకంలో "వరద" అనే గడి ఉంది, "కాంట్రాక్టర్ బురద" అనే గడి లేదు.

మూడోది కట్టేది మైదానం. ఇది పట్నం పాఠకులు వినాలి. గోస్తనీ, శారద మన కొండల్లోనే పుడతాయి. గోస్తనీ మీద తాటిపూడి, శారద మీద రైవాడ. రెండూ విశాఖపట్నానికి నీళ్ళిచ్చే జలాశయాలే. కొండ మీద కోసిన మట్టి వచ్చి చేరేది వాటి అడుగుకే. జలాశయంలో ఎంత ఒండ్రు చేరితే అంత నీరు తగ్గినట్టే. ఇవాళ మా గెడ్డ ఎర్రగా ఉంటే రేపు మీ కుళాయి సన్నబడుతుంది. ఇది జాలి అడగడం కాదు, లెక్క చెప్పడం.

కాగితం మీద అన్నీ ఉన్నాయి

ఇక అసలు విషయానికొద్దాం. కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల శాఖ పనులకు ప్రామాణిక నిబంధనల పుస్తకం ఒకటుంది. అందులో 306వ క్లాజు మొత్తం ఈ విషయం మీదే. నేల కోతను, బురదను, నీటి కాలుష్యాన్ని అరికట్టాలి. అందుకు కట్టలు, బురద గుంటలు, పీచు చాపలు, గడ్డి, వాలు కాలువలు వాడాలి. పక్కవాళ్ళ ఆస్తికి, దగ్గర్లోని వాగులకు హాని జరిగేలా ఉంటే వెంటనే నివారణ చర్యలు చేపట్టమని ఇంజనీరు ఆదేశించవచ్చు. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం పోయే 516ఈ జాతీయ రహదారి లాంటి పనులకు ఈ పుస్తకమే ప్రమాణం.

మరి ఎందుకు జరగదు? అదే క్లాజులో కింద ఇంకో మాట ఉంది. బురదను ఆపే తాత్కాలిక పనులకు విడిగా డబ్బు చెల్లించరు. మట్టిపనిలోనే కలిపి లెక్క. తెలిసిందా కిటుకు? చేస్తే ఖర్చు, చేయకపోతే మిగులు. పోటీలో తక్కువ రేటు కోట్ చేసి పని తెచ్చుకున్నవాడు మొదట కోసేది ఎక్కడ? బిల్లు రాని చోట. ఇంజనీరు అడగడు, ఎందుకంటే కిలోమీటరు ఎప్పటికి పూర్తవుతుందన్నదే పైనుంచి వచ్చే ఫోన్. గెడ్డ రంగు గురించి ఎవరూ ఫోన్ చేయరు. ఒకరి చెడ్డతనంతో ఆగిపోయే కథ కాదిది. మట్టిని ఎత్తినందుకు డబ్బిచ్చి, మట్టిని ఆపినందుకు డబ్బివ్వని ఏర్పాటు ఇది. ఆ మిగులు కాంట్రాక్టరు జేబులోకి, ఆ ఖర్చు మన గెడ్డలోకి.

రేపు ఇది ఇంకా పెద్దదవుతుంది. ఎగువ సీలేరులో 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు తలపెట్టారు. ఇలాంటివి ఇంకొన్ని కొండల మీద వరుసలో ఉన్నాయి. పంప్డ్ స్టోరేజీ అంటే సొరంగాలు, జలాశయాలు, వాటికి దారులు. రోడ్డు మట్టి దాని ముందు పిడికెడు.

పోడుకు కేసు, పొక్లెయిన్‌కు సలాం

గెడ్డలో మట్టి గురించి అడిగితే అటవీ శాఖ వాళ్ళు ఇప్పటికీ చెప్పే పాఠం ఒకటుంది. "మీ పోడు వల్లే కొండలు కరిగిపోతున్నాయి." నిటారు కొండ మీద పోడు కొడితే మట్టి కొంత పోతుంది, కాదనడం లేదు. కానీ పోడులో మోడు ఉంటుంది, వేరు ఉంటుంది, పండ్ల చెట్టు ఉంటుంది. నాలుగు వానలకు చేను పచ్చబడి నేలను కప్పుతుంది. పొక్లెయిన్ కోసిన వాలులో ఏముంది? వేరు లేదు, విత్తనం లేదు, రెండు మూడేళ్ళు పచ్చ రాదు.

ఎకరం పోడుకు మన రైతు మీద కేసు కట్టి, పారా, కత్తీ గుంజుకుపోయిన వ్యవస్థే పది ఎకరాల కొండను గెడ్డలోకి తోసిన యంత్రానికి గేటు ఎత్తి దారిస్తుంది. నేల కోత మీద నిజంగా అంత ప్రేముంటే ఇద్దరినీ ఒకే కొలతతో కొలవండి. టేపు మేమే తెస్తాం.

మన లోపలి మాట కూడా ఒకటి చెప్పుకోవాలి. టిప్పర్ కిరాయికి తిప్పేవాడు, "నా పల్లం చదును చేసి పెట్టు, మట్టి ఇక్కడే పోసుకో" అని పిలిచేవాడు, పంచాయతీ తీర్మానం మీద చదవకుండా వేలిముద్ర వేసేవాడు మనలోనే ఉన్నారు. ఒకడి పల్లం చదునైతే కింద పది మడులు పూడిపోతాయి. ఈ సంగతి గ్రామసభలో మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి.

చట్టం ఏం చెప్తోంది

ఇవి గుర్తుపెట్టుకోండి. అర్జీలో రాయడానికి పనికొస్తాయి.

అటవీ హక్కుల చట్టం, 2006, సెక్షన్ 5. పరీవాహక ప్రాంతాలకు, నీటి వనరులకు తగిన రక్షణ ఉండేలా చూసే అధికారం హక్కుదారులకూ గ్రామసభకూ ఉంది. అధికారం అని రాశారు, విన్నపం అని రాయలేదు. అదే చట్టం సెక్షన్ 3(2) కింద ఊరి రోడ్డు లాంటి వాటికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వాలంటే గ్రామసభ సిఫార్సు ఉండాలి. ఆ సిఫార్సు ఇచ్చే రోజే మన షరతులు తీర్మానంలో రాయాలి. రోడ్డుకు అవును, లోయలో మట్టికి కాదు.

పెసా చట్టం, 1996. ఊరి ఉమ్మడి వనరుల్ని కాపాడుకునే సమర్థత గ్రామసభకు ఉందని 4(డి) చెప్తుంది.

నీటి కాలుష్య నివారణ చట్టం, 1974, సెక్షన్ 24. వాగులోకి కలుషిత పదార్థాన్ని తెలిసి వదలకూడదు. పారకాన్ని అడ్డగించి కాలుష్యాన్ని బాగా పెంచే వస్తువునూ వేయకూడదు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. ఇది చాలామందికి తెలియదు. ఎస్సీలు, ఎస్టీలు మామూలుగా వాడుకునే ఊటను, చెరువును, ఏ నీటి వనరునైనా వాడకానికి తగనట్టుగా ఆ వర్గాలకు చెందనివాడు పాడుచేస్తే నేరం. 2015 సవరణ తర్వాత అది సెక్షన్ 3(1)(ఎక్స్). మీ ఊరి ఊటలోకి వచ్చిన మట్టికి ఇది వర్తిస్తుందో లేదో కోర్టు తేలుస్తుంది. కానీ అర్జీలో ఈ సెక్షన్ రాసి ఉంటే దాన్ని బల్ల సొరుగులో పడేయడం అంత తేలిక కాదు.

పర్యావరణ అనుమతి తీసుకున్న పెద్ద ప్రాజెక్టులకు ఇంకో బాధ్యత ఉంది. షరతులు ఎలా పాటించారో ఏటా జూన్ 1, డిసెంబరు 1 తేదీలకు నివేదిక ఇవ్వాలి. అది ప్రజలు చూడగలిగే పత్రం. తవ్విన మట్టి ఎక్కడ పోశారో అందులో ఏం రాశారో చదవండి, తర్వాత కొండ మీదకెళ్ళి చూడండి.

"వానకు కొట్టుకొచ్చింది, మేమేం చేస్తాం, దేవుడి పని" అంటారు కదా. ఉత్తరాఖండ్‌లో అలకనంద నది మీద 330 మెగావాట్ల శ్రీనగర్ జలవిద్యుత్ ప్రాజెక్టు కట్టారు. తవ్విన మట్టిని నది ఒడ్డున పోశారు. 2013 జూన్ వరదల్లో ఆ మట్టి కొట్టుకొచ్చి శ్రీనగర్ పట్టణంలో ఇళ్ళను ముంచింది. బాధితులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్ళారు. కంపెనీ అక్కడా ఇదే పాట పాడింది, ఇది దైవఘటన అని. ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు. 2016లో 9.26 కోట్ల రూపాయల పరిహారం కట్టమంది. వరద దేవుడిదే అయినా ఒడ్డున మట్టి పోసింది మనిషే అని ఆ బాధితులు నిరూపించారు. మన ప్రాంతానికి ట్రిబ్యునల్ బెంచి చెన్నైలో ఉంది. పరిహారం కోసం ఐదేళ్ళ లోపు, ఇతర వివాదాలకు ఆరు నెలల లోపు అర్జీ పెట్టుకోవాలి. గడువు దాటాక ఏడ్చి లాభం లేదు.

ఈ వానకే మొదలుపెట్టండి

సాక్ష్యం కావాలి. అందుకు ల్యాబ్ అక్కర్లేదు. ఒకే రకం ప్లాస్టిక్ సీసాలు రెండు తీసుకోండి. ఒకటి సైట్‌కు పైన, గెడ్డ ఇంకా పాడవని చోట నింపండి. ఇంకోటి సైట్‌కు కింద, అదే గంటలో నింపండి. మీద తేదీ, సమయం, చోటు రాసి అంటించండి. పక్కపక్కన పెట్టి ఫోటో తీయండి, ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి. మర్నాడు మళ్ళీ ఫోటో. అడుగున మడ్డి ఎంత మందమో స్కేలుతో కొలవండి. వాన మొదటి రోజు, వెలిసిన రెండో రోజు, నాలుగో రోజు, ఇలా సీజనంతా. "వానాకాలం కదా" అన్నవాడి ముందు ఆ రెండు సీసాలు పెట్టండి. రెండింటి మీదా పడింది ఒకే వాన.

సమాచార హక్కు దరఖాస్తు వేయండి. కాంట్రాక్టు ఒప్పందం కాపీ, మట్టి పోసే స్థలాల సర్వే నంబర్లు, బురద నివారణకు ఇంజనీరు ఇచ్చిన ఆదేశాలు, ఇప్పటిదాకా చెల్లించిన బిల్లులు అడగండి. గ్రామ సడక్ యోజన రోడ్డయితే ఐదేళ్ళ నిర్వహణ ఆ కాంట్రాక్టరుదే. కాలువలు పూడిపోతే తీయాల్సింది ఎవరో అడగండి.

గ్రామసభ పెట్టి ఈ తీర్మానాలు చేయండి:

1. కొండ కోత డిసెంబరు–మే నెలల మధ్యే జరగాలి. జూన్ మొదటి వారానికి కప్పని వాలు ఒక్కటి కూడా మిగలకూడదు.

2. మట్టి పోసే చోటు గ్రామసభ చూపించాలి. గోడ కట్టాకే మట్టి. గెడ్డలోకి, లోయలోకి ఒక్క టిప్పర్ కూడా పోకూడదు.

3. ఏజెన్సీలో పిలిచే ప్రతి టెండరులో బురద నివారణకు విడిగా ఐటమ్, విడిగా రేటు పెట్టాలి. చేస్తే డబ్బు, చేయకపోతే కోత.

4. గెడ్డ, ఊట, మడులు బాగున్నాయని గ్రామసభ రాసిచ్చాకే రన్నింగ్ బిల్లు చెల్లించాలి.

5. గ్రావిటీ స్కీము పాడైతే బాగయ్యేదాకా ఊరికి నీళ్ళు కాంట్రాక్టరు ఖర్చుతోనే తేవాలి. మడుల్లో పడ్డ మట్టి తీయించి, పంట నష్టం కట్టాలి.

6. సైట్ దగ్గర బోర్డు ఉండాలి. కాంట్రాక్టరు ఎవరు, ఇంజనీరు ఎవరు, మట్టి ఎక్కడ పోస్తున్నారు, ఎవరికి ఫిర్యాదు చేయాలి అన్నీ తెలుగులో రాయాలి. పని మొదలయ్యే ముందు ఊళ్ళో కువిలో, ఆదివాసీ ఒడియాలో, ఏ భాష మాట్లాడితే ఆ భాషలో చదివి వినిపించాలి.

వీటిలో మూడోదీ నాలుగోదీ గట్టిగా పట్టుకోండి. డబ్బు ఎటు తిరిగితే పొక్లెయిన్ అటే తిరుగుతుంది. బురదను ఆపితే బిల్లు వస్తుందని, ఆపకపోతే బిల్లు ఆగుతుందని తెలిసిన రోజున మన కాంట్రాక్టర్లే వట్టివేరు నారు కోసం వెతుక్కుంటూ వస్తారు. దాన్ని పెంచి అమ్మే పని మన ఆడవాళ్ళ సంఘాలకే ఇవ్వమని అడుగుదాం.

ఐటీడీఏ పీవో గారికి, కలెక్టరు గారికి, ఇంజనీరింగ్ శాఖలకు ఒక మాట. మీరు వేసే రోడ్డు మీద మేం నడుస్తాం, మా బిడ్డల్ని బడికి పంపిస్తాం, మా పంట సంతకు తీసుకెళ్తాం. ఆ రోడ్డు మీద 108 రావాలి. దాంట్లో ఎక్కేది కాన్పుకు పోయే ఆడబిడ్డ కావాలి గానీ, మీ రోడ్డు మట్టి కలిసిన నీళ్ళు తాగి విరేచనాలు పట్టుకున్న పసివాడు కాకూడదు.

ఈ పోస్టు చదివి లైక్ కొట్టి వెళ్ళకండి. మీ ఊరి రెండు సీసాల ఫోటో పెట్టండి. ఊరి పేరు, మండలం, తేదీ రాయండి. పది ఊళ్ళ సీసాలు ఒక వరుసలో నిలబడితే, వాటిని చూసి "వానాకాలం కదా" అని ఎవరు అంటారో చూద్దాం.

మా ఊళ్ళో మా రాజ్యం. మా గెడ్డ మా హక్కు.

జై ఆదివాసీ!